ఇతరములు

ఖగేశ్వర్ బిసోయి అక్వేరియం షాపుకి
కలకత్తా నుంచి దిగిన నాచుకట్టలో
టిక్కెట్టు లేకుండా వచ్చిందిది.
ఊరగాయ సీసాలో వేసి నా అరుగు మీద పెట్టి,
"కంపౌండరు బాబూ, ఇది కరుస్తాదా?" అని
జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు.

గుణుపురం పశువుల ఆసుపత్రిలో
ముప్పయ్యొక్క ఏళ్ళు కట్లు కట్టిన చేతులు నావి.
గేదె పొదుగు వాపు చీకట్లో తడిమి చెప్పగలను.
దీన్ని మాత్రం పట్టపగలు, కళ్ళజోడు పెట్టుకుని,
మూడుసార్లు చూశాను.

చుట్టుపక్కలవాళ్ళకి సందేహమే లేదు.
బల్లి, అంది మా రాజులమ్మ,
మీద పడితే ఏ ఫలమో కూడా చెప్పింది.
నలికిరి, అన్నాడు పాలవాడు.
మొసలిపిల్ల, వంశధారలో వదిలేయండి, అన్నాడు
ఏ నీళ్ళయినా నీళ్ళే అనుకునే మాస్టారొకాయన.
ఎదురింటి సుకాంతి, అయిదో క్లాసు, ఏమీ అనలేదు.
సీసాకి ముక్కు ఆనించి లెక్కపెట్టింది:
"ముందు కాళ్ళకి నాలుగేసి, వెనక్కి అయిదేసి. గోళ్ళు లేవు."

గోళ్ళు లేవు. పొలుసులూ లేవు.
తోక తెడ్డులా పక్కలకి నొక్కుకుపోయింది.
ఒళ్ళంతా ఆరిన సిమెంటు గరుకు.
గాజుకి పాకినప్పుడు కనబడింది పొట్ట,
కమలాపండు రంగు మీద ఎవరో సిరా విదిల్చినట్టు.
అంత రంగు దాచుకున్న ప్రాణి ఊరికే దాచుకోదు.
ముట్టుకుంటే సబ్బుతో కడుక్కో, కళ్ళు నులుముకోకు,
అన్నాను పిల్లతో. నేనూ కడుక్కున్నాను, రెండుసార్లు.

పర్లాకిమిడిలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన పాణిగ్రాహి గారు
ఫొటోలు చూసి రాత్రి పదకొండుకి ఫోను చేశారు.
"న్యూటు. కప్పకి దూరపు చుట్టం.
చైనాదో జపానుదో, తల వెనక గడ్డలు సరిగా పడలేదు,
మళ్ళీ తియ్యి.
ఏదైనా చల్లనీళ్ళది. మీ ఊరి ఎండకి ఆగదేమో."
మళ్ళీ తీశాను. అది కదిలింది.
ఫొటోలో తోక ఒక్కటే పడింది.

మూడు రోజులు ఏమీ తినలేదు.
చేపల గుళికలు ఉబ్బి, విచ్చి, నీళ్ళని పాడుచేశాయి.
నాలుగో రోజు అరటిపాదు తవ్వి
వానపాము ముక్క చీపురుపుల్ల కొసన ఆడించాం.
చాలాసేపు చూసింది, మేం లేనట్టు.
తర్వాత తల ఒక్క విదిలింపు.
సుకాంతి అరిచిన అరుపుకి వీధికుక్క లేచింది.

కుళాయి నీళ్ళు ఒక రాత్రి మందువాసన పోనిచ్చి పోస్తున్నాను.
మధ్యలో ఏటిరాయి, ఎక్కి కూచోవడానికి.
పైన దోమతెర, చుట్టూ తాడు:
తడి ఒంటితో గోడ కూడా ఎక్కగలదని
రెండోసారి చెప్పుల్లో దొరికాకే తెలిసింది.

ఇక ఏప్రిల్.
మధ్యాన్నం పోయిన కరెంటు రాత్రికే.
ఆసుపత్రి థర్మామీటరు ముప్పయ్యయిదు దగ్గర మొదలవుతుంది,
అంతకన్నా చల్లని ప్రాణాలు దాని లెక్కలో లేవు.
మణికట్టు తిరగేసి ముంచుతున్నాను,
పసిపిల్లల స్నానానికి చూసినట్టు.
అక్కడ వెచ్చగా తగలాలి, ఇక్కడ జిల్లుమనాలి.

బల్లి అన్న మనిషే
తాగే నీళ్ళ కుండ ఖాళీ చేసి ఇచ్చింది.
ఇసక పరిచి, తడిపిన గోనె చుట్టి, మంచం కింద;
ఫ్రిజ్జు లేని రోజుల్లో పాలు విరక్కుండా చూసుకున్న పద్ధతే.
గంటకోసారి గోనె తడపడం ఆవిడ వంతు.
"మీ బల్లికి చలేస్తాదేమో" అంటుంది, నాకు కోపం రావాలని.

పాత రిజిస్టరొకటి నా దగ్గర ఉండిపోయింది.
ఆవు, గేదె, మేక, కోడి, కుక్క;
చివర సన్నగా ఒక గడి, ఇతరములు.
సర్వీసు మొత్తంలో అక్కడ ఎక్కినవి
సర్కసు ఏనుగొకటి, నెమళ్ళు రెండు.
మా ఇంటి భాషని కూడా ఒక గుమాస్తా
అలాంటి గడిలోకే తోయబోయాడు, అది వేరే గొడవ.

నిన్న రాశాను.
జాతి: పాణిగ్రాహి గారు తేల్చాలి.
మేత: వానపాము, అంగుళం, రోజు విడిచి రోజు.
యజమాని అన్న చోట సుకాంతి పెన్ను లాక్కుని
తన పేరు ఒడియాలో రాసి, కొట్టేసి,
కుండ బొమ్మ వేసింది.

అర్ధరాత్రి గోనె తడపడానికి నేనే లేచాను.
టార్చి వేస్తే, నీళ్ళలో,
పాత చర్మం చేతి తొడుగులా విప్పుకుని
తనే నెమ్మదిగా మింగుతోంది.
లైటు తీసేశాను.
సిగ్గుపడే జాతేమో, ఎవరికి తెలుసు.